చీటీ లేని మోకాలు

ఈ మధ్య ఫిజియోథెరపీ చదివి కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు నాకు ఫోన్ చేసి, "సార్, మా దగ్గర పేషెంటు ఇంట్లో కసరత్తు చేస్తే యాప్‌లో పచ్చ టిక్కు పడుతుంది, ఇంక అబద్ధం చెప్పలేరు" అని గర్వంగా చెబుతున్నారు. సంతోషం. నాకు యాప్ లేదు, ఎర్ర ఇంకు పెన్ను ఉండేది. ఆ పెన్నుతో ఒక పెద్దావిడ కేస్ షీటు మీద పన్నెండు వారాల్లో పన్నెండు టిక్కులు పెట్టాను. ఆవిడ నాతో ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. అయినా ఏం జరిగిందో చెబుతాను. విన్న తర్వాత కూడా మీ పచ్చ టిక్కుల మీద ప్రేమ మిగిలితే మిగలనివ్వండి.

వేలూరులో ఒక ఆస్పత్రిలో ముప్ఫై ఏళ్ళకు పైగా జనం మోకాళ్ళు వంచుతూ, చాపుతూ జీతం తీసుకున్నాను. సొంత ఊరు గుడియాత్తం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కేస్ షీట్లలో ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు మాత్రం పెళ్ళయ్యాక మా ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. ఆమెది చిత్తూరు. కాబట్టి ఇందులో అక్షర దోషాలుంటే గురువుగారిని అడగండి, నన్ను కాదు.

ఆస్పత్రివాళ్ళు ప్రతి బుధవారం నన్ను గుడియాత్తంలో ఉన్న చిన్న శాఖకు పంపేవారు. నా ప్రతిభ చూసి పంపుతున్నారని చాలాకాలం అనుకున్నాను. పరదరామి వైపు నుంచి వచ్చే రైతు కుటుంబాలతో తెలుగులో మాట్లాడటానికి మనిషి కావలసి వచ్చి పంపారట. శాఖ అంటే రెండు గదులు. నా గదిలో ఒక బెంచీ, దానికి ఒక తెర, ఒక కరెంటు పెట్టె, ఒకే ఒక కుర్చీ ఉండేవి. నాకు స్టూలు. కుర్చీ పేషెంటుకు. వెంట వచ్చినవాళ్ళకు గోడ.

కరెంటు పెట్టె అంటే మోకాలికి ప్యాడ్లు అంటించి జివ్వుమనిపించే యంత్రం. మా సహోద్యోగి ఒకాయనకు దాని మీద అపారమైన భక్తి. మేమంతా ఆయన్ను కరెంటాయన అనేవాళ్ళం. "జనానికి వైరు కనబడాలి, లైటు వెలగాలి. అప్పుడే వాళ్ళకు వైద్యం జరిగినట్టు" అనేవాడు. నేను ఆయన్ను చూసి లోలోపల నవ్వుకునేవాణ్ణి. నాది కసరత్తు పక్షం. అరిగిన మోకాలికి తొడ కండరమే మందు, యంత్రం వట్టి ఊరడింపు అని దొరికినవాడికల్లా ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. మా ఇద్దరి మీదా ఒక పెద్ద మేడం ఉండేది. తమిళావిడ. మాటల్లో మహా పొదుపు. ఆ మిగిల్చిందంతా చూపుల్లో ఖర్చు పెట్టేది.

నేను రిటైరవడానికి మూడేళ్ళ ముందు, ఒక బుధవారం పొద్దున ఆ పెద్దావిడ వచ్చింది. అరవై అయిదు దాటి ఉంటాయి. పరదరామి దగ్గర ఒక పల్లెలో భూమీ పుట్రా ఉన్న ఇంటి యజమానురాలు. భర్త పోయాక పదేళ్ళుగా సేద్యం తనే చేయిస్తోంది. వెనకాల సంచీ పట్టుకుని కోడలు, ముప్ఫై అయిదేళ్ళ మనిషి. పెద్దావిడ వచ్చి కుర్చీలో కూర్చుంది. కోడలు గోడకు ఆనుకుంది. ఆ గదిలో ఎవరి స్థానం ఏదో ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

"కుడి మోకాలు నాయనా. ఏడాదైంది, మా బాయి కాడికి నేను పోయి," అంది పెద్దావిడ. "గట్టు మీద నాలుగడుగులు వేస్తే కాలు పట్టేసుకుంటాది. కూలోళ్ళు ఏం జేస్తా వుండారో, మోటారు ఎవుడు ఆడిస్తా వుండాడో, అంతా ఒకరు జెప్పితే వినాల. వేలూర్లో ఆపరేషన్ డాక్టరు మూడు నెలలు గడువిచ్చినాడు. నీ దగ్గర గుణం కాకుంటే కోసి ఇనుప ముక్క పెడతాడంట. కోయించుకునేదానికి నాకిష్టం లేదు. మా వొదినకు కోసినారు, ఆయమ్మ మంచం దిగలేదు."

ఆ వదినగారు కసరత్తు ఎగ్గొట్టి మంచం దిగలేదేమో అన్న అనుమానం నాకు వచ్చింది. అడగలేదు. నా ఉత్సాహం నాది. కత్తికీ కసరత్తుకూ పోటీ, మూడు నెలల గడువు. ఇంతకంటే మంచి కేసు నాకు ఎక్కడ దొరుకుతుంది?

బెంచీ మీద పడుకోమన్నాను. ఆవిడ నన్నొకసారి, బెంచీనొకసారి చూసింది.

"మగోడి ముందర పండుకొని కాలెత్తేదానికి నాకు చేతకాదు నాయనా. ఈ బిడ్డకు జూపించు. అంతా ఈ బిడ్డే చూసుకుంటాది."

నాకేం అభ్యంతరం కనిపించలేదు. కోడల్ని బెంచీ మీద పడుకోబెట్టి, చుట్టిన తువ్వాలు మోకాలి కింద పెట్టి, దాన్ని కిందికి నొక్కి పది లెక్కపెట్టడం చూపించాను. కాలు చాచి జానెడు ఎత్తి నిలపడం చూపించాను. చేతులు ఊనకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం చూపించడానికి పెద్దావిడ కాసేపు కుర్చీ ఇచ్చి బెంచీ మీదికి మారింది. అంతా అయ్యాక కోడలు బెంచీ దిగుతూ గోడ పట్టుకుంది. నేను చూశాను. చూసి, గోడకు సున్నం వేసి చాలా రోజులైంది, చేతికి అంటుకుంటుందేమో అనుకున్నాను. అంతటి నిశిత దృష్టి నాది.

"రోజూ మూడు పూటలా చేయాలమ్మా. పూట తప్పితే గుణం రాదు. ఇది నీ బాధ్యత," అన్నాను కోడలితో.

"సరి సార్," అంది.

ఆ తర్వాత పెద్దావిడ మోకాలికి పావుగంట కరెంటు పెట్టాను. పెట్టకపోతే ఇంత దూరం బస్సులో వచ్చినవాళ్ళు ఊరుకోరని పెట్టాను. ప్యాడ్లు జివ్వుమంటుంటే ఆవిడ ముఖంలో పరమానందం. కరెంటాయన చూస్తే కన్నీళ్ళు పెట్టుకునేవాడు.

అలా వారం వారం వచ్చారు. వర్షం వచ్చినా, బస్సు రాకపోయినా, బుధవారం పదికల్లా గుమ్మంలో ఉండేవారు. నేను ఎర్ర పెన్ను తీసి అడిగేవాణ్ణి, "ఈ వారం పయిర్చి జరిగిందా అమ్మా?" తమిళంలో కసరత్తును పయిర్చి అంటారు, మా వైపు తెలుగువాళ్ళకూ అదే మాట. "ఒక్క పూటన్నా నిలిపింది లేదు నాయనా," అనేది పెద్దావిడ. కోడలి వైపు చూసేవాణ్ణి. "ఒక్క పూటన్నా తప్పలేదు సార్," అనేది. ఆ ముఖంలో ఎంత నిజాయితీ అంటే, నేను టిక్కు కాస్త పెద్దదిగా పెట్టేవాణ్ణి. తర్వాత, గుడియాత్తంలో మంచి తమలపాకు ఎక్కడ దొరుకుతుందన్న విషయం మీద మాట్లాడుకుంటూ కరెంటు పెట్టేవాణ్ణి.

నొప్పి తగ్గిందా అని అడిగితే, "ఉండాది, ఉండాది, తగ్గతాది లే," అనేది పెద్దావిడ. ఎనిమిదో వారం కోడలు గోడ దగ్గర నుంచి ఒక ప్రశ్న అడిగింది.

"సార్, ఎడమ కాలు ఎత్తేటప్పుడు మోకాలి లోపల కటక్ కటక్ అంటాది. నొప్పి లేదు, శబ్దమే. అట్లా అంటే తప్పా?"

"వయసుకు అట్లా వుంటుందమ్మా. భయం లేదు," అన్నాను పెద్దావిడ వైపు చూస్తూ. నొప్పి కుడికాలికి కదా, ఎడమ కాలి సంగతి ఎందుకొచ్చిందని నాకు తట్టలేదు. కుడి ఎడమలు తెలియడం మా చదువులో మొదటి పాఠం. నేను ఆ పాఠం దాటి చాలా దూరం వచ్చేశాను.

ఈలోగా వేలూరులో మా డిపార్ట్‌మెంటు సమావేశం దగ్గర పడింది. తలా ఒక మంచి కేసు గురించి చెప్పాలి. నేను పదో వారానికే స్లైడ్లు తయారు చేసుకున్నాను. పన్నెండు వారాలు, పల్లెటూరి వృద్ధురాలు, ఒక్క పూట తప్పని కసరత్తు, తప్పిపోయిన ఆపరేషన్. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. చివరి స్లైడులో ఫలితం దగ్గర ఒక్క అంకె మాత్రం ఖాళీ వదిలాను, పన్నెండో వారం నింపుదామని.

పన్నెండో బుధవారం మేడం శాఖ చూడటానికి గుడియాత్తం వచ్చింది. నాకు పండగ. పెద్దావిడను కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు గుండెల మీద కట్టుకోమన్నాను. అర నిమిషంలో చేతులు ఊనకుండా ఎన్నిసార్లు లేచి కూర్చుంటారన్నది పరీక్ష. మొదటి వారం మూడుసార్లు లేచింది, ఆ అంకె షీటులో ఉంది.

మేడం గడియారం చూసింది. పెద్దావిడ లేచింది, "అబ్బా" అంది, కూర్చుంది. ఇంకోసారి సగం లేచింది, చెయ్యి ఊనింది, లేచింది, కూర్చుని కళ్ళు మూసుకుంది. మూడోసారి లేవలేదు.

"కుర్చీ ఎత్తు తక్కువ మేడం," అన్నాను.

"మొదటి వారం ఏ కుర్చీ?" అంది మేడం తమిళంలో.

ఆ గదిలో ఉన్నది ఒకే కుర్చీ అని ముందే చెప్పాను.

అప్పుడు గోడ దగ్గరున్న కోడలు సంచీ కింద పెట్టి ముందుకొచ్చింది. "అట్లా గాదత్తా. ముందరికి వొంగి, మడాల మీద బరువేసి లేయాల. లెయ్, నేను జూపిస్తా." కుర్చీలో కూర్చుంది, చేతులు కట్టుకుంది, లేచింది. కూర్చుంది, లేచింది. గోడ గడియారం కొట్టుకున్నంత సాఫీగా లేస్తూ కూర్చుంటూ పోయింది. మేడం గడియారం మీద నుంచి కళ్ళు ఎత్తలేదు. అర నిమిషం అయ్యేసరికి పధ్నాలుగు. ఆయాసం కూడా లేదు.

"ఎవరు నేర్పించినారు?" అంది మేడం, తనకొచ్చిన కాస్త తెలుగులో.

"సారే."

"నువ్వు రోజూ చేస్తా వుండావా?"

"మూడు పూటలా మేడం. మొదటి బుధవారం నుంచి."

"మీ అత్త?"

కోడలు ఆ ప్రశ్న అర్థం కానట్టు అత్త వైపు చూసింది. అత్త నా వైపు చూసింది. నేను కరెంటు పెట్టె వైపు చూశాను.

"ఏం నాయనా," అంది పెద్దావిడ, "నువ్వే గదా ఈ బిడ్డను పండుకోబెట్టి నేర్పించింది? ఇది నీ బాధ్యత అంటివి గదా? కరెంటు నాకు, పయిర్చి ఈ బిడ్డకు. పాలు తాగే బిడ్డకు బాగలేకుంటే తల్లి పత్యం వుండేది లేదా? పోయినేడు నాకు జొరమొస్తే ఈ బిడ్డే గుడి చుట్టూ పొర్లు దండాలు పెట్టింది. తగ్గింది గదా. పెద్దదాన్ని, నేను పండుకొని కాళ్ళెత్తుకుంటా వుంటే ఇంట్లోకి వచ్చే పోయే కూలోళ్ళు ఏమనుకుంటారు?"

ఆవిడ మాటలో తర్కం ఉంది, నా షీటులో టిక్కులున్నాయి, లేనిది ఒక్కటే. ఆ మొదటి పరీక్ష తప్ప, పన్నెండు వారాల్లో ఒక్కసారి కూడా ఆవిడ కాలు కసరత్తుకు నా ఎదుట కదలలేదు. మొదటి రోజు కాదన్నది, అంతే, నేను మళ్ళీ అడగలేదు. వేలూరు నుంచి ఒక ఆడ ఫిజియోను ఒక్క బుధవారం తోడు తెచ్చుకుని ఉంటే తెర వెనక పని జరిగిపోయేది. తమలపాకుల సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు. ఆ రోజు నేను పడిన సిగ్గు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మేడం నన్ను వదిలేసి కోడలి వైపు తిరిగింది. "నీకు మోకాలి నొప్పి వుండిందా?"

కోడలు చీర కొంగు సర్దుకుంది.

"వుండింది మేడం. ఎడమ కాలు. పాలు పిండి లేసేటప్పుడు ఆవు తుంటి పట్టుకొని లేస్తా వుంటిని. గోడ వుంటే గోడ. ఈ పయిర్చి చేసినాక రెండు నెలల్లో తగ్గిపోయింది. ఇప్పుడు కూర్చున్న చోటు నుంచి అట్లే లేస్తా."

"నాకు జెప్పనే లేదే," అంది అత్త.

"నీకు నొప్పిగా వుండాది గదత్తా," అంది కోడలు. "ఇంట్లో ఇద్దురుకీ నొప్పంటే ఆవులకెవురు?"

అందులో దెప్పిపొడుపు లేదు. ఇంట్లో రోజూ జరిగే సర్దుబాటు చెప్పినట్టే చెప్పింది. నొప్పికి కూడా పెద్దా చిన్నా ఉంటుందనీ, పెద్దవాళ్ళ నొప్పిని దాటుకుని చిన్నవాళ్ళ నొప్పి ముందుకు రాదనీ ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పి ఉండరు. పెద్దావిడ ఆ రోజు కరెంటు కూడా అడగలేదు.

సాయంత్రం వేలూరు తిరిగి వెళ్ళేటప్పుడు కారులో మేడం ఒక్క మాట అంది. "నీ సర్వీసులో ఇంత మంచి రిజల్టు ఇంకొకటి వుందాప్పా?"

లేదు. అదే నిజం. నేను పరీక్షించకుండా, రోగం కనుక్కోకుండా, ఎవరికి ఇస్తున్నానో తెలియకుండా చేసిన వైద్యమే నా జన్మలో అన్నిటికంటే బాగా పనిచేసింది. చేతిలో వెన్న పెట్టుకుని నేతికోసం ఊరంతా తిరిగినవాడి కథ విని చిన్నప్పుడు నవ్వేవాణ్ణి. ఆ వెన్న ప్రతి బుధవారం సంచీ పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది.

మర్నాడు ఆపరేషన్ డాక్టరు దగ్గరికి వెళ్ళి జరిగింది ఉన్నదున్నట్టు చెప్పి, ఇంకో ఆరు వారాలు అడిగాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సరే, కోడలికి ఆపరేషన్ అవసరం లేదని రాసుకుంటాను," అన్నాడు. "అత్తకు ఆరు వారాలు. ఈసారి పేషెంటు చేతనే చేయించి చూడండి. అదీ ఒక పద్ధతే." సమావేశంలో నా స్లైడ్లు చూపించలేదు. కరెంటాయన మాత్రం ఎవరి ద్వారానో విని, నన్ను చూసినప్పుడల్లా "మా పెట్టెనైనా సరైన మోకాలికే పెట్టావు" అని ఓదార్చేవాడు.

తర్వాతి బుధవారం మా డిపార్ట్‌మెంటులోని ఒకమ్మాయిని తోడు తీసుకెళ్ళాను. తెర వెనక పెద్దావిడ పడుకుంది, కాలెత్తింది, ప్రపంచం తలకిందులు కాలేదు. ఇంటి దగ్గర చేయించే పని మళ్ళీ కోడలికే చెప్పాను. ఈసారి ఎవరి కాలు ఎత్తాలో మూడుసార్లు చెప్పి, ఇద్దరి చేతా తిరిగి చెప్పించుకున్నాను.

చెబితే చాలదని ఒక ఆదివారం బస్సెక్కి ఆ పల్లెకు వెళ్ళాను. నన్ను ఎవరూ చూడలేదు. పెద్దావిడ వసారాలో నులకమంచం మీద పడుకుని కాలు ఎత్తుతూ దించుతూ ఉంది. కోడలు కొట్టంలో గొంతుక్కూర్చుని పాలు పిండుతోంది. మధ్యలో గోడ. ఆ గోడ అవతలి నుంచే మంచం కిర్రుమన్నప్పుడల్లా లెక్క పెడుతోంది. "ఆరూ. ఏడూ. అత్తా, ఏడే అయింది. యెనిమిది యాడ?"

"అయింది లేవే."

"మంచం కిర్రనలా. ఎత్తు."

పెద్దావిడ ఎత్తింది. ఎత్తుతూ నన్ను చూసింది. "చూసినావా నాయనా. ఇది పయిర్చి నేర్పించేది గాదు, పగ తీర్చుకునేది. నా ఇంట్లో నన్ను లెక్క బెట్టేది నేర్పించినావు." ఫిర్యాదు చేస్తూనే తొమ్మిదోది కూడా ఎత్తింది. కోడలు చెంబుతో లేచి వచ్చింది. ఏమీ పట్టుకోకుండా లేచింది. ఈసారి నేను చూశాను.

ఆరు వారాలయ్యాయి. మీరు అద్భుతాలు కోరుకుంటారని తెలుసు. అద్భుతం జరగలేదు. పెద్దావిడ అర నిమిషంలో ఎనిమిదిసార్లు లేచింది. నొప్పి పూర్తిగా పోలేదు, ఎక్కువ నడిస్తే వస్తుంది. కానీ అంతకుముందు శుక్రవారం గట్టు మీద నడిచి బావి దాకా పోయి, మోటారు తప్పుగా ఆడిస్తున్న కూలివాణ్ణి స్వయంగా తిట్టి వచ్చిందట. ఆ తిట్ల వివరం మొత్తం నాకు చెప్పింది. ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదని రాసి సంతకం పెట్టాను, డాక్టరు కూడా ఒప్పుకున్నాడు. అంతా అయింది, ఇంక బయల్దేరతారనుకున్నాను.

పెద్దావిడ చేతులు ఊనకుండా కుర్చీలోంచి లేచింది. పరీక్ష కోసం కాదు. లేచి పక్కకు జరిగి, గోడ దగ్గరున్న కోడల్ని చూసి, "కూర్చో," అంది.

కోడలు కదల్లేదు. "పరవాలేదత్తా."

"కూర్చోమంటా వుండా గదా."

కోడలు సంచీ ఒళ్ళో పెట్టుకుని అంచు మీద కూర్చుంది. ఆ కుర్చీలోంచి పధ్నాలుగు సార్లు లేచిన మనిషి అందులో కూర్చోవడం నేను అప్పుడే చూశాను.

"ఈ బిడ్డకూ ఒక చీటీ రాయి నాయనా," అంది పెద్దావిడ.

"ఆమెకు గుణమైపోయింది కదమ్మా. ఇప్పుడు చీటీ ఎందుకు?"

"నొప్పి వుండింది గదా. వుండిందని రాయి."

నేను కొత్త షీటు తీశాను. పేరు రాశాను, వయసు రాశాను. ఎడమ మోకాలు అని రాశాను. తర్వాతి గడి దగ్గర ఆగి, పద్దెనిమిది వారాల కింద అడగాల్సిన ప్రశ్న అడిగాను. "నొప్పి ఎన్నాళ్ళ నుంచి వుండిందమ్మా?"

కోడలు అత్త ముఖం చూసింది.

"నన్నేం జూస్తావు. ఆయన నిన్నడగతా వుండాడు," అంది అత్త.

"చిన్నోడు పుట్టినప్పట్నుంచి సార్," అంది కోడలు. "వాడికిప్పుడు పదకొండేండ్లు."

నేను రాసుకున్నాను. పెద్దావిడ ఆ షీటు నిండేదాకా, గోడ పట్టుకోకుండా, నిలబడే ఉంది.